పంచిన కొలది పెరుగు విద్య

రేపల్లెనుండి కృష్ణానదిని దాటి పోయినచో, మొవ్వ చేరువను కూచిపూడి యను పల్లె గలదు. అచ్చటి భాగవతుల మేళములు పూర్వము ఊరూర దిరిగి, రాత్రివేళ ఆరుబయట ప్రదర్శనము లిచ్చుచుండెడివి. దివిటీలే దీపములు, ఇద్దరు పట్టిన వస్త్రమే తెర. ముఖ్యపాత్ర ప్రవేశించునపుడు దివిటీపై గుగ్గిలపుపొడి చల్లగా జ్వాల భగ్గున లేచెడిది. భామాకలాపమున సత్యభామ మొదట తన జడను మాత్రమే తెరపై వేసి చూపును.

అయితే ఈ విద్య చిరకాలము కొన్ని కుటుంబముల పురుషులకే పరిమితమై యుండెను; స్త్రీవేషములను సైతము వారే ధరించిరి. ఇరువదవ శతాబ్దమున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకును నేర్పిరి. ఇట్లు ఇతరులకు నేర్పుటచేతనే అది నేడు దేశదేశముల వ్యాపించినది.

ఐర్లండుదేశమునను ఇట్టి యుదాహరణ మొకటి గలదు. మిల్‌టౌన్ మాల్‌బే యను చిన్నయూర, విల్లీ క్లాన్సీ యను వాద్యకారుడు 1973లో మరణింపగా, ఆయన పేర ఆ యేడే వేసవి సంగీతపాఠశాల వెలసినది. అందు పరదేశీయులును చేరి జానపదవాద్యములను నేర్చుకొందురు.

బాలబాలికలారా! మీ యూరి పండుగలో కోలాటమో భజనయో జరిగినపుడు విని పోవుట చాలదు. పెద్దల నడిగి ఒక్క పాటయైన నేర్చుకొనుడు. నేర్చినదానిని మరియొకరికి నేర్పుడు. నేర్చువారు లేని కళ ఆ తరముతోనే అంతరించును.