వంటింటి జమాఖర్చు

వర్తకుని ఇంట రెండు చిట్టాలు ఉండును. ఒకటి దుకాణములో గల్లాపెట్టె ప్రక్కన ఉండును. రెండవది వంటింట, గృహిణి మనస్సులో ఉండును. మొదటిదానిని దీపావళినాడు పూజించి కొత్త పద్దు ప్రారంభించుదురు. రెండవదానిని ఎవరును తెరచి చూడరు. బేరములు బాగున్న రోజులలో దాని అవసరము కనబడదు. బేరము పడిపోయిన యేడు, పిల్లల చదువు ఖర్చు, అద్దె, సరుకు తెచ్చినచోట బాకీ ఒకేసారి మీదపడిన నెలలో ఇల్లు నిలుచునది ఈ రెండవ చిట్టామీదనే.

కోయంబత్తూరు, మధుర పట్టణములలో తెలుగు మాట కొత్తది కాదు. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన ప్రారంభించిన నాటినుండి తెలుగు కుటుంబములు ఈ ప్రాంతములలో స్థిరపడుచు వచ్చినవి. మధురకు పడమట కీళకుయిల్కుడి వద్దనున్న సమణర్ కొండ అంతకంటె ముందే ఇచట జైన మునులు నివసించిన సంగతి చెప్పుచున్నది. ఈ పాత తెలుగు వాడల నడుమ నివసించు జైన వర్తక కుటుంబములకు ఇరుగు పొరుగు తెలుగిండ్ల వంటలు బాగుగా అలవడినవి. కందిపొడి, ఉప్పుడు పిండి, పెసరట్టు, అరటికాయ కూర జైన నియమమునకు సులభముగా ఒదుగునవే.

అయినను "జైన వంట ఖరీదైన వంట. ఉల్లి, బంగాళాదుంప లేనిదే చవక కూర లేదు. నియమము పాటించుట ధనవంతులకే చెల్లును" అను మాట ఈనాడు జైన కుటుంబములలోనే వినవచ్చుచున్నది. ఈ మాటలో ఎంత నిజమున్నదో లెక్క వేసి చూడవలెను.

తరుగు లేని వంట

జైన గృహములో తడి పదార్థము రాత్రి నిలువ ఉంచి మరునాడు తినరాదు. సూర్యాస్తమయము తరువాత భోజనము లేదు. ఇతరుల ఇండ్లలో మిగిలిన అన్నము చద్దియగును, మిగిలిన పులుసు మరునాటి పూటకు వచ్చును. జైన గృహిణికి ఆ వెసులుబాటు లేదు. మిగిలినది మిగిలినట్లే నష్టము. కాబట్టి కొలత తప్పకుండ వండుట ఆమెకు ధర్మము, పొదుపు కూడ.

దుకాణములో బియ్యము, పప్పు అమ్మువాడు తరుగును లెక్కలో వేసికొనును. వంటింటి తరుగును ఎవరును వ్రాయరు. రోజూ ఒక గుప్పెడు బియ్యము ఎక్కువ పోసిన ఇంట నెలకు సుమారు కిలోన్నర బియ్యము వ్యర్థమగును. పూర్వము సోల, తవ్వ, మానికలతోను, ఈ ప్రాంతమున పడితోను పెద్దవారు బియ్యము కొలిచి పోయుచుండిరి. 1956 నాటి తూనికలు కొలతల చట్టము తరువాత కిలోలు వచ్చినవి, కొలపాత్రలు అటకెక్కినవి, చేతి అంచనా మిగిలినది. ప్రతి ఇంట తిరిగి ఒక కొలగిన్నె ఏర్పరచుకొనుట మొదటి పొదుపు.

పూటలోపలనే మిగులును మార్చుకొను మార్గములు కలవు. మధ్యాహ్నము మిగిలిన పప్పును గోధుమపిండిలో వేసి కలిపిన సాయంకాలపు రొట్టెకు వేరే కూర అక్కరలేదు. మిగిలిన అన్నము సాయంకాలమునకు పులిహోర యగును. మిగిలిన రొట్టెలను అదే దినము పెనముమీద బట్టతో అదిమి తడి లేకుండ కాల్చిన ఖాఖరా యగును. అది కొన్ని దినములు నిలువయుండును. ఇది ఈనాడు పొట్లములలో కూడ అమ్ముడగుచున్నది.

నెల సరుకు

ఎంత తినవలెననుటకు ఒక కొలత కావలెను. 1918లో కోయంబత్తూరుకు చేరువనున్న కూనూరులో ఆహార పరిశోధన కొరకు ఒక చిన్న శాఖ ప్రారంభమైనది. అది 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దవారికి దినమునకు ధాన్యము 250 గ్రాములు, పప్పుధాన్యములు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు చాలును.

ఆరుగురున్న ఇంటికి ఈ లెక్కన నెలకు ధాన్యము 45 కిలోలు, పప్పులు సుమారు 15 కిలోలు, నూనె నెయ్యి కలిపి 5 కిలోలు. ముసలివారు, చిన్నపిల్లలు ఉన్న ఇంట ధాన్యము ఇంకను తగ్గును. ఈ అంకెలను ఇంటి సరుకు చీటీతో పోల్చి చూచిన గృహస్థులు రెండు సంగతులు గ్రహింతురు. నూనె తగినదానికంటె ఎక్కువ, పప్పు తగినదానికంటె తక్కువ. అనగా డబ్బు చాలకపోవుట కంటె డబ్బు తప్పుచోటికి పోవుట ఎక్కువ. వేపుడు కారపు సరుకు, జీడిపప్పు, బజారు మిఠాయి, ఆదివారపు హోటలు ఖర్చు తీసివేసిన, దుంప లేని కూర ఖరీదు ఏమంత భారము కాదు.

దుంపలకు బదులు సొర, బీర, పొట్ల, గుమ్మడి, బూడిదగుమ్మడి, అరటికాయ, గోరుచిక్కుడు, మునగ ఈ రెండు పట్టణములలో పుష్కలముగా దొరకును. ఆంధ్రదేశములో 1999 జనవరి 26న రైతుబజార్లు ప్రారంభమైనవి. అదే యేట నవంబరు 14న తమిళనాడులో మొదటి ఉళవర్ సందై మధురలో తెరచిరి. అచ్చట రైతు తానే అమ్మును, ధర పలకమీద వ్రాసియుండును. తెల్లవారుజామున వెళ్ళిన మంచి కాయ దొరకును. ఏ కాయ కొనవలెనో ఇంట నిశ్చయించుకొని వెళ్ళుట కంటె, ఆ దినము ఏది చవకో చూచి వంట నిశ్చయించుకొనుట మేలు.

పచ్చి అల్లమునకు బదులు శొంఠి, ఉల్లి వెల్లుల్లికి బదులు ఇంగువ, జీలకర్ర, మిరియము. ఇవి చిటికెడు చాలును. గింజలకు జీడిపప్పు, బాదము అక్కరలేదు. వేరుసెనగ, నువ్వులు చాలును. రాగులలో సున్నపు సత్తువ నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాముల ప్రాంతమున ఉన్నది. బియ్యములో అది అతి స్వల్పము. రాగి, జొన్న, సజ్జ కోయంబత్తూరు మెట్టభూములలో తరతరాలుగా పండిన ధాన్యములు. పొట్లములలో అమ్మునవి ప్రియము. విడిగా కొని, ఏరి, మరపట్టించిన చవక.

నాలుగు కుటుంబములు కలిసి ధాన్యము, పప్పు మూటగా కొనినచో చిల్లర ధరకు, టోకు ధరకు గల తేడా ఇంటికి మిగులును. మధుర కీళమాసి వీధిలోను, కోయంబత్తూరు రంగై గౌడర్ వీధిలోను టోకు బేరము తెలిసిన వర్తకులకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. తమ దుకాణమునకు పాటించు నీతిని తమ వంటింటికిని పాటించవలెననుటయే ఇందలి మనవి.

ఒక దినపు వంట

ఉదయము నవకారసీ అయిన తరువాత రాగి జావ, లేదా బియ్యపు రవ్వ, పెసరపప్పు కలిపిన ఉప్పుడు పిండి. పులియబెట్టిన ఇడ్లీ పిండి రాత్రి నిలువయగునని అనేకులు విడిచిపెట్టుదురు. వారికి పెసరట్టు మంచిది. తెల్లవారి నానవేసి, నాలుగు గంటల తరువాత రుబ్బి, అదే దినము వాడుకొనవచ్చును. ఈ పొరుగువారు చేయు అడైయును అట్టిదే.

మధ్యాహ్నము అన్నము, పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ. కందిపప్పు అరగంట నానిన త్వరగా ఉడుకును. ఒకే కుక్కరులో క్రింద పప్పు, నడుమ అన్నము, పైన కూరగాయ పెట్టిన గ్యాసు మిగులును. మజ్జిగపులుసు చేయునపుడు మజ్జిగను ముందు బాగుగా కాచి, తరువాత సెనగపిండి కలిపిన ద్విదళ దోషము ఉండదు. మొలకలు నియమమునకు విరుద్ధము గనుక పెసలు, సెనగలు నానబెట్టి మొలక రాకముందే ఉడికించవలెను.

సాయంకాలము జొన్నరొట్టె లేదా గోధుమరొట్టె, ఒక కూర లేదా పప్పు. తడి ఊరగాయకు బదులు వేయించి దంచిన కందిపొడి, నువ్వులపొడి ఇంట ఉంచుకొనిన కూర తక్కువైన పూట గడచును. కార్తిక మార్గశిరములలో ఇచట ఆరు కొట్టకముందే సూర్యుడస్తమించును; ఆషాఢములో ఆరున్నర దాటును. దుకాణములో బేరము సాగునది సరిగా ఆ వేళనే. కనుక అయిదు గంటలకు క్యారియరు దుకాణమునకు చేరునట్లు వంట ముగించుట ఈ నియమమునకు ప్రాణము. క్యారియరు ఆలస్యమైన పూట మగవారు హోటలు వైపు చూచుటయో, ఆకలితో నుండుటయో జరుగును.

తిథులు, ఋతువులు

అష్టమి, చతుర్దశి మొదలగు తిథులలో పచ్చికూరలు మానువారు ఉలవలు, పెసలు, సెనగలు, అప్పడములతో వంట జరుపుదురు. ఆ దినములను ముందుగా క్యాలెండరులో గుర్తించుకొనిన సంతకు వెళ్ళు దినములు వాటికి తగినట్లు అమర్చుకొనవచ్చును. వానకాలములో కూరగాయల ధర పెరుగు దినములలోనే చాతుర్మాస్యము వచ్చుట గమనింపదగినది.

పిండికి కాలమర్యాద కలదు. దిగంబర సంప్రదాయములో వానకాలమున 3, వేసవిలో 5, చలికాలమున 7 దినములు. శ్వేతాంబర సంప్రదాయములో సాధారణముగా 15, 20, 30 దినములు పాటించుదురు. రెండింటి భావము ఒకటే: తేమ పెరిగినకొలది పురుగు పుట్టును, పురుగు పుట్టిన జీవహింసయు, సరుకు నష్టమును కలుగును. కాబట్టి ధాన్యము ఎండబెట్టి నిలువ చేసికొని, పిండి మాత్రము కొద్దికొద్దిగా పట్టించుకొనవలెను. పప్పులకు ఆముదము పట్టించుట పాత పద్ధతి, నేటికిని మంచిదే.

చైత్ర ఆశ్వయుజములలో తొమ్మిదేసి దినములు జరుగు ఆయంబిల్ ఓలిలో నెయ్యి, నూనె, పాలు, పెరుగు, బెల్లము లేని అన్నము, పప్పు, రొట్టె ఒకేపూట తిందురు. ఆహారములో ఎంత భాగము కడుపునకో, ఎంత భాగము నాలుకకో ఆ తొమ్మిది దినములు తెలియజేయును. కాని అది తపస్సు. డబ్బు లేని నెలలో ఇంటిల్లిపాదికిని, అందులో ఎదుగు పిల్లలకు, దానిని బలవంతముగా విధించుట తపస్సు కాదు.

చివర తినువారి విస్తరి

మధురలో ఒక కిరాణా వర్తకుని ఇంట బేరము తగ్గిన యేడు అత్తగారు ఖర్చు బిగించినది. పాలు తగ్గించి, కూర ఒకటి చేసినది. లెక్క బాగుగా కుదిరినది. ఇంట ఎవరును సణగలేదు. ఒకనాడు సాయంకాలము ఆమె వంటింటిలోనికి వచ్చి చూచినపుడు కోడలు గిన్నెలు కడుగుచుండెను. వెలుతురు పోయినది.

"నీవు తింటివా, అమ్మాయీ?"

"లేదత్తయ్యా. క్యారియరు పంపి, పిల్లలకు పెట్టేసరికి పొద్దు గ్రుంకినది. ఫరవాలేదు."

"నిన్న?"

కోడలు మాటాడలేదు. అత్తగారు గిన్నెలు చూచినది. రొట్టెల డబ్బా ఖాళీగా నున్నది. తాను అంత గర్వముగా కుదిర్చిన లెక్కలో ఒక మనిషి లేదని ఆమెకు అప్పుడు తెలిసినది. మరునాటినుండి ఆ ఇంట ఒక కొత్త పద్ధతి వచ్చినది. క్యారియరు కట్టుటకు ముందే కోడలి విస్తరి వేరుగా తీసి మూతపెట్టుదురు. అయిదున్నరకు అత్తగారు తానే పిల్లలకు వడ్డించి, కోడలిని కూర్చుండబెట్టును. అందుకు రోజుకు రెండు రొట్టెలు, ఒక గరిటెడు పప్పు ఎక్కువైనవి. ఆ మేరకు నూనెలో తగ్గించుకొనిరి.

ఇది ఒక ఇంటి కథ మాత్రమే కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. చివర తిను అలవాటు అన్ని కులములలోను ఉన్నది. కాని జైన గృహములో సూర్యాస్తమయము ఒక తలుపువలె మూసికొనును. ఇతరుల ఇంట ఆలస్యముగానైనను తినవచ్చును. ఇచట ఆలస్యమైన ఆకలియే. తాను సంకల్పించి తగ్గించి తిను ఊనోదరి తపస్సు. మిగలక తినకపోవుట తపస్సు కాదు, లెక్క తప్పు.

మునుల గోచరి నియమము ఇందుకు దారి చూపును. ఆవు పచ్చికను వేళ్ళతో పెరుకక పైపైన మేసినట్లు, ముని ప్రతి ఇంట కొద్దిగా మాత్రమే గ్రహించును. తన కొరకు వండినది తీసికొనడు. తాను తీసికొనినందువలన ఇంటివారు మరల వండవలసి రాకూడదు, ఎవరును పస్తుండకూడదు. ఇంటికి వచ్చిన ముని ఇంత ఆలోచించునపుడు ఇంట ఉన్నవారు ఆలోచించకపోవుట తగదు.

కాబట్టి పొదుపు చేయదలచిన జైన గృహము బియ్యము కొలుచుటకు ముందు మనుష్యులను లెక్కించవలెను. అందులో చివర తినువారిని మొదట లెక్కించవలెను. ఆ తరువాత నూనె తగ్గించవచ్చును, మిఠాయి మానవచ్చును, సంతలో బేరమాడవచ్చును. దీపావళినాడు దుకాణపు చిట్టాతోపాటు వంటింటి చిట్టాను కూడ ఒకసారి తెరచి, ఇంటి స్త్రీలతో కూర్చుండి చదువుకొనిన కుటుంబములో లెక్క నిలుచును, నియమమును నిలుచును.

జై జినేంద్ర.