తుపానుకు ముందు చేసే ఉద్యోగం

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు, నారింజ రంగు యూనిఫాంలో పడవల మీద తిరిగిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం (ఎన్డీఆర్‌ఎఫ్) సిబ్బందిని అందరూ టీవీల్లో చూశారు. ఆ తర్వాత నన్ను చాలామంది తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న ఒకటే. "డిజాస్టర్ మేనేజ్‌మెంట్ కోర్సు చేయిస్తే మావాడికి అందులో ఉద్యోగం వస్తుందా సార్?"

రాదండీ. ఎన్డీఆర్‌ఎఫ్ నేరుగా ఎవరినీ చేర్చుకోదు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో ఉన్నవాళ్లే డెప్యుటేషన్ మీద అక్కడికి వెళతారు. 'ఎన్డీఆర్‌ఎఫ్ జాబ్ గ్యారంటీ' అని ఏ కోచింగ్ సెంటరైనా ఫీజు అడిగితే మోసమని తేల్చుకుని బయటికి వచ్చేయండి. ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమాల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమన్న మాట నమ్మి పొలం తాకట్టు పెట్టే ముందు, ఆ డిప్లొమాకు రాష్ట్ర సాంకేతిక విద్యామండలి గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

మనుషుల కొరత అసలు వేరేచోట ఉంది. 1977లో దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. ఇప్పుడు తుపాను ఎటు వస్తుందో వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతోంది. సునామీని కనిపెట్టే కేంద్రం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లోనే ఉంది. పిడుగు పడుతుందని ఫోనుకు మెసేజ్ వస్తోంది. కానీ హెచ్చరిక ఇంటిదాకా వచ్చాక ఏం చేయాలో చెప్పే మనిషే లేడు. తుపాను షెల్టరుకు రమ్మంటే ఒక పెద్దావిడ, "గేదెల్ని వదిలేసి ఎక్కడికి రానయ్యా?" అంటుంది. అది మొండితనం కాదు, ఆ పాల డబ్బులే ఆమె బతుకు. పలుపు ఎప్పుడు విప్పాలి, గేదెల్ని ఏ మెరక మీదికి తోలాలి, షెల్టరులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, తాళమేసిన ఇళ్లకు కాపలా ఎవరు? ఇవన్నీ ఎండాకాలంలోనే గడప గడపకూ వెళ్లి తేల్చాలి. ఇది చదువుకుని చేయాల్సిన వృత్తి.

డిజాస్టర్ మేనేజ్‌మెంట్ పీజీకి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. కానీ ఇంటర్ అవగానే ఆ పేరున్న కోర్సులో చేరడం నాకు నచ్చదు. ముందు ఒక సబ్జెక్టులో గట్టిపడాలి. జాగ్రఫీ, సోషల్ వర్క్, సివిల్, నర్సింగ్, ఏదైనా పర్వాలేదు. వాతావరణ శాస్త్రం మీద మనసుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఆపైన ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో పీజీకి ప్రయత్నించవచ్చు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు ఇగ్నో పీజీ డిప్లొమా తక్కువ ఖర్చులో అయిపోతుంది.

ఒక మాట దాచను. మొదట్లో దొరికేవి ఎక్కువగా కాంట్రాక్టు కొలువులే. స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులు, జిల్లాల్లో కన్సల్టెంటు పనులు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే దిగులే మిగులుతుంది. అలాగని, అమ్మాయి జాగ్రఫీ చదువుతానంటే చావు కబురు విన్నట్టు కూర్చుని, ఆమెను బలవంతంగా సీఎస్‌ఈలోకి తోసే పెద్దల మీద నాకు ఓపిక లేదు. చదవాల్సింది ఆ పిల్ల. నాలుగేళ్లు నలిగేదీ ఆ పిల్లే.

ఫీజు కట్టకముందే ఈ పని మనకు సరిపడుతుందో లేదో చూసుకోవచ్చు. కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరండి. ఆపద మిత్ర వాలంటీర్ల శిక్షణ మీ జిల్లాలో ఉందేమో కలెక్టరేట్‌లో కనుక్కోండి. సెలవుల్లో మీ ఊళ్లో ముందుగా మునిగే వీధికి వెళ్లి, లేవలేని ముసలివాళ్లు, గర్భిణులు ఏయే ఇళ్లలో ఉన్నారో రాసుకోండి. పదో ఇంటికి వెళ్లేసరికి కూడా విసుగు రాకపోతే అప్పుడు దరఖాస్తు పెట్టండి.