నాడి చెప్పేది, నాడి చెప్పనిది

ఈ సంచికకు చైనా దేశపు ప్రాచీన వైద్యం మీద ఏదైనా రాసివ్వమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు కొంత సందేహించాను. నేను వైద్యుణ్ణి కాను, రసాయన శాస్త్రం చెప్పుకుని బ్రతికేవాణ్ణి. కాని పుస్తకాలు తిరగేసేకొద్దీ ఆ దేశపు వైద్యుల మాటలు, చిలమత్తూరు దగ్గర మా పల్లెలో అవ్వ నోట విన్న మాటలే అనిపించాయి. ఎండన పడి వస్తే "ఒంటికి వేడి చేసింది, మజ్జిగ తాగు" అనేది. ముసురు రోజున పెరుగడిగితే "శీతం చేస్తుంది, వద్దు" అనేది. చైనాలోనూ నోరు పూసినా, గొంతు మండినా "నిప్పు పైకెక్కింది" అంటారు. పెసలు ఉడికించిన నీళ్లు తాగిస్తారు. ఇంత దూరపు రెండు దేశాలవాళ్లు ఒకే తీరున ఎందుకు ఆలోచించారు? ఆ ఆలోచన ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసం.

చైనావారి లెక్క

చైనా వైద్యానికి మూలగ్రంథమైన "హువాంగ్‌డీ నైజింగ్" సుమారు రెండువేల ఏళ్ల నాటిది. దాని ప్రకారం దేహంలో "చీ" అనే ప్రాణశక్తి దారులు కట్టి ప్రవహిస్తుంది. "యిన్" అంటే చల్లదనం, తడి, నిలకడ. "యాంగ్" అంటే వేడి, పొడి, కదలిక. ఈ రెండూ సరితూగితే ఆరోగ్యం, ఒకటి మీరితే రోగం. కొయ్య, నిప్పు, మన్ను, లోహం, నీరు అని అయిదు తత్త్వాలు చెప్పి, ఒక్కోదాన్ని ఒక్కో అవయవానికి జతచేశారు.

ఎక్కడ తూకం తప్పిందో కనిపెట్టడానికి నాలుగు పరీక్షలున్నాయి. మొదటిది చూడటం. ముఖ్యంగా నాలుక చూస్తారు. పాలిపోయి తెల్లని పూత కడితే చలువ, ఎర్రబడి పచ్చని పూత కడితే వేడి అని గుర్తు. రెండోది గొంతు వినడం, వాసన పట్టడం. మూడోది ప్రశ్నించడం: నిద్ర, ఆకలి, దాహం, చెమట, విరేచనం. నాలుగోది తాకడం, అంటే నాడి. ఒక్కో మణికట్టుమీద మూడేసి చోట్ల, పైపైన ఒకసారి, నొక్కి ఒకసారి చూస్తారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో వాంగ్ షుహే నాడి మీదే ప్రత్యేకంగా "మైజింగ్" అనే గ్రంథం రాశాడు.

చికిత్స సూత్రం తేలికే. చలువ చేస్తే వేడి చేసేది, వేడి చేస్తే చలవ చేసేది ఇవ్వాలి. తక్కువైతే పోషించాలి, ఎక్కువైతే తగ్గించాలి. ఇందుకు మూలికలు, ఆహారం, సూదులు, మూలిక కాల్చి వేడి తగిలించడం సాధనాలు.

మన లెక్క

మనవారు వాత పిత్త కఫాలనే మూడు దోషాలుగా లెక్క కట్టారు. అవి సమంగా ఉండటమే ఆరోగ్యం. పరీక్షలు ఎనిమిది: నాడి, మూత్రం, మలం, నాలుక, శబ్దం, స్పర్శ, కన్ను, ఆకారం. చిత్రమేమిటంటే చరక సుశ్రుతుల గ్రంథాల్లో నాడీపరీక్ష కనిపించదు. తర్వాతి కాలపు "శార్ఙ్గధర సంహిత"లో స్పష్టంగా వస్తుంది. చూపుడువేలి కింద వాతం, నడిమివేలి కింద పిత్తం, ఉంగరపువేలి కింద కఫం. వాతనాడి పాములా పాకుతుంది, పిత్తనాడి కప్పలా గెంతుతుంది, కఫనాడి హంసలా నడుస్తుంది. మన తెలుగు వైద్యులకు ఇంటి పుస్తకంగా ఉండిన "బసవరాజీయం" కూడా నాడికి పెద్దపీట వేసింది.

చికిత్సా అదే దారి. కఫానికి శొంఠి, మిరియాలు, పిప్పళ్లు. పిత్తానికి ధనియాలు, మజ్జిగ. వాతానికి నువ్వులనూనె మర్దన, కాపడం. కీళ్ల నొప్పులకు మనం వాతాన్ని, అనగా గాలిని తప్పుపడితే, చైనావారు గాలి, చలి, తేమ కలిసి దారి మూసేశాయంటారు. రెండు చోట్లా దోషి గాలే!

మా ఊరి వాతం

నా చిన్నతనంలో అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. తర్వాత నడుము వంగింది. మా ఊరి వైద్యం తాత వచ్చి నాడి పట్టేవాడు, నాలుక చూసేవాడు, ఏం తిన్నదీ ఎట్లా నిద్రపోయిందీ ఓపికగా అడిగేవాడు. అంత శ్రద్ధగా ఆమెను విన్నవాడు మరొకడు లేడు. "వాతం అక్కా" అని నూనె కాచి ఇచ్చాడు. రాస్తే రాత్రికి కాస్త నిద్రపట్టేది. కాని నడుము మాత్రం లేవలేదు.

కొన్నేళ్లకు ఆయనే మా అరుగు మీద కూర్చుని అన్న మాట నాకు మరపురాదు. "ఒక్క మనిషికొస్తే వాతం అనొచ్చు అక్కా. సన్నోళ్లు, లావోళ్లు, అందరూ ఒకే తీరుగా వంగిపోతావుంటే నేనేం పేరు పెట్టేది?"

కళాశాలలో చేరాక జవాబు దొరికింది. సెలవులకు వెళ్లి ఊరి బోరు నీళ్లు సీసాలో తెచ్చాను. జిర్కోనియం కలిపిన ఎర్రటి అలిజరిన్ ద్రావకంలో పోస్తే, రంగు చూస్తుండగానే పసుపుకు తిరిగింది. ఫ్లోరైడ్! కొలిస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. గ్రానైటు రాళ్ల పొరల్లో ఎక్కువకాలం నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. వానలు తక్కువై బోర్లు లోతుకు పోయినకొద్దీ మనం అలాంటి నీళ్లే తోడుకుంటున్నాం. అది ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి, కీళ్లను కట్టే నరాలను గట్టిపరుస్తుంది. పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలు వేస్తుంది. నా పళ్లమీదా ఉన్నాయి. మనదేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, మన నెల్లూరు జిల్లాలోనే.

అవ్వ నాడి అబద్ధం చెప్పలేదు. కాని నాడి మనిషి సంగతి చెబుతుందే గాని బోరు సంగతి చెప్పదు.

చరకుడి ప్రశ్న

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. వైద్యం తాత అడిగిన ప్రశ్ననే చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయం వేసుకుంది. వేరువేరు ప్రకృతులు, వేరువేరు తిండ్లు ఉన్నవారికి ఒకేసారి ఒకే రోగం ఎట్లా వస్తుంది? అందరికీ ఉమ్మడివైన గాలి, నీరు, నేల, కాలం చెడినందువల్ల అని జవాబు. దీనినే జనపదోద్ధ్వంసం అన్నారు. అంటే తూకం తప్పింది దేహంలోనా, ఊరిలోనా అని అడగటం మన సంప్రదాయంలోనే ఉంది. మనమే నాడి దగ్గర ఆగిపోయాం.

పరీక్షకు నిలిచినవి

పాతదంతా పారేయమని నా భావం కాదు. చైనాలో తూ యూయూ, 4వ శతాబ్దపు గె హాంగ్ పుస్తకంలో, జ్వరానికి ఒక మూలికను కాచకుండా నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్న మాట గమనించింది. ఆ మొక్క మన మాచిపత్రి జాతిది. తక్కువ వేడిలో సారం తీసింది. 1972లో మలేరియా మందు ఆర్టెమిసినిన్ చేతికొచ్చింది, 2015లో నోబెల్ బహుమతీ వచ్చింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ ఇంకా దగ్గరిది. సోదరులను స్ప్రూ అనే సంగ్రహణి జబ్బుకు పోగొట్టుకున్నాడు. తనకే అది వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. మద్రాసులో ఆయన ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పాడు. కాని అక్కడితో తృప్తిపడక అమెరికా వెళ్లాడు. ఆయన నడిపించిన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ స్ప్రూకే మందైంది.

పరీక్ష లేకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితాల్లో, 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. మూలిక కదా అని నమ్మడానికీ లేదు. మన గాడిదగడప జాతి మొక్కల్లోని ఆమ్లం మూత్రపిండాలను చెరుస్తుందని తేలింది.

కాబట్టి విద్యార్థి మిత్రులకు నా మనవి. వేడి చేస్తే మజ్జిగ తాగండి, జలుబుకు మిరియాల కషాయం తాగండి, తప్పులేదు. మనిషిని ఓపికగా చూడటం, వినడం ఆ పాత వైద్యుల దగ్గర నేర్చుకోండి. కాని చక్కెరజబ్బు మందో, రక్తపోటు మందో మాని దోషాల లెక్కకు అప్పగించుకోకండి.

మరొక్కటి. ఫ్లోరైడ్ నీళ్లు కాస్తే పోదు; నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి ఉంది, శుద్ధియంత్రాలున్నాయి. గట్టిపడిన నడుమును తిరిగి వంచలేం గాని, పసిపిల్లల ఎముకలను కాపాడగలం. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు మీ ఊరి నీళ్లు ఒక సీసాడు తీసుకురండి. పరీక్ష చేయడానికి మన ప్రయోగశాల ఉంది, నేనూ ఉన్నాను.