కార్చిచ్చు వలయం

విశాఖపట్నం నుండి అనకాపల్లి మీదుగా ఎలమంచిలి వైపు సాగే జాతీయ రహదారికి ఒక ప్రక్క తూర్పు కనుమల కొండలు, మరొక ప్రక్క కొంత దూరాన సముద్రం ఉంటాయి. ఫాల్గుణం దాటేసరికి ఆ కొండల పచ్చదనం వాడిపోతుంది. ఆకులు రాలి, గడ్డి ఎండి, కొండలు గోధుమవన్నెకు తిరుగుతాయి. వేసవి రాత్రులలో ఒక్కొక్కసారి కొండ నడుమున ఎర్రని మాల వ్రేలాడుతున్నట్లు కానవస్తుంది. దూరాన నిలిచి చూచేవారికి అది ఒక వింత. పచ్చికొమ్మ చేతబట్టి దానిని ఆర్పడానికి కొండనెక్కే అటవీ సిబ్బందికి అది ప్రాణసంకటం.

దీనినే మన పూర్వులు 'కార్చిచ్చు' అన్నారు. కారు అంటే అడవి, చిచ్చు అంటే నిప్పు. సంస్కృతంలో ఇది దావానలం. దీని స్వభావం మన ఇతిహాసానికి కొత్తది కాదు. మహాభారతంలోని ఆశ్రమవాస పర్వంలో ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి గంగాతీరపు అడవిలో దావాగ్నికి ఆహుతి అయ్యారు. గాలి వీచింది, అడవి అంటుకొంది. తపస్సుచే కృశించిన ఆ వృద్ధులు పరుగిడలేకపోయారు. రాజు ఆజ్ఞను అనుసరించి సంజయుడు మాత్రం బయటపడి హిమాలయాలకు వెళ్ళాడు.

వృద్ధులు చిక్కుకొన్నారంటే అర్థమవుతుంది. అడవిని ఎరిగినవారు, మంటలార్పడమే వృత్తిగా గలవారు ఎందుకు చిక్కుకొంటున్నారు? 2020 ఫిబ్రవరి 16న కేరళలోని త్రిసూర్ జిల్లా కొట్టంబత్తూరు వద్ద ముగ్గురు అటవీ కాపలాదారులు మంటల నడుమ ప్రాణాలు కోల్పోయారు. 2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పబోయిన నలుగురు అదే రోజున మరణించారు. వీరికి లోపించినది ధైర్యం కాదు. ఇంధనం, వాలు, గాలి అనే మూడు శక్తులు ఒక్కటైనప్పుడు మనిషి పరుగు చాలదు. ఆ మూడింటి తీరును తెలుసుకోవడం అవసరం.

మొదటిది ఇంధనం. ప్రమాదం మహావృక్షాల వల్లనే వస్తుందని మనం భావిస్తాం. నిజానికి లావాటి దుంగ మెల్లగా అంటుకొంటుంది. ఎండుగడ్డి, రాలిన ఆకులు, సన్నని పుల్లలు క్షణాలలో అంటుకొంటాయి. మన ఆకురాల్చు అడవులలో టేకు, మద్ది ఆకులు, వెదురు రెమ్మలు, బోదగడ్డి వేసవి నాటికి నేలపై పరుపువలె పేరుకొంటాయి. హిమాలయాలలో ఆ పాత్ర చీడ్ పైన్ సూదులది. గడ్డిలో మంట చిన్నదిగా కనిపిస్తుంది. అందువల్లనే మనిషి దానిని తక్కువగా అంచనా వేస్తాడు. కానీ గాలి తోడైతే గడ్డిమంట మనిషి పరుగును మించుతుంది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో విహారయాత్రకు వెళ్ళినవారిని ఇటువంటి మంటే చుట్టుముట్టి, ఇరవైమందికి పైగా బలిగొంది.

రెండవది వాలు. నీరు పల్లమెరుగును, నిప్పు మిట్టనెరుగును. కొండవాలుపై మంట నాలుకలు పైనున్న గడ్డి మీదికి వాలి, దానిని ముందుగానే వేడిచేసి ఎండబెడతాయి. అందువల్ల వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు మంట వేగం సుమారు రెట్టింపవుతుందని అగ్నిశాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అదే వాలు మనిషి వేగాన్ని తగ్గిస్తుంది. రెండు చరియల నడుమనున్న ఇరుకు లోయ పొయ్యి పొగగొట్టం వలె పనిచేసి వేడిగాలిని పైకి లాగుతుంది. కావున క్రింద మంట ఉండగా పైకి పరుగెత్తడం చాలా ప్రమాదకరం.

మూడవది గాలి. ఇది అన్నింటికంటె కపటమైనది. పగలు కొండగాలి లోయ నుండి పైకి వీస్తుంది, రాత్రి పైనుండి క్రిందికి దిగుతుంది. సముద్రతీరానికి దగ్గరి కొండలలో ఉదయం నేల నుండి వీచిన గాలి మధ్యాహ్నానికి సముద్రం నుండి వీచవచ్చు. వేసవి సాయంకాలం ఉరుముల మబ్బు పడితే ఈదురుగాలి హఠాత్తుగా లేస్తుంది. దిశ మారినప్పుడు ఏమవుతుంది? అంతవరకు ప్రక్క అంచుగా నెమ్మదిగా కాలుతున్న పొడవైన మంట ఒక్కసారిగా ముందరి అంచుగా మారుతుంది. ప్రక్కన క్షేమమని నిలిచి పనిచేస్తున్నవారు దాని నోట పడతారు. 2013 జూన్ 30న అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం యార్నెల్ కొండ వద్ద ఉరుముల మబ్బు నుండి వెలువడిన గాలి మంటను మళ్ళించగా, శిక్షణ పొందిన 19 మంది అగ్నిమాపకులు మరణించారు.

ఈ మూడూ కలసిన నాటి కథ మరొకటి ఉంది. 1949 ఆగస్టు 5న మోంటానా రాష్ట్రంలోని మాన్ గల్చ్ అనే లోయలో మంట వారి దిగువకు దాటి, గడ్డివాలుపై పైకి తరుముకొచ్చింది. దళనాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందరి గడ్డికి తానే నిప్పంటించి, అది కాలిన బూడిదలో బోర్లా పడుకొన్నాడు. కాల్చడానికి ఏమీ మిగలనందున పెనుమంట అతనిని దాటిపోయింది. తనతో రమ్మని పిలిచినా, ఆ తొందరలో ఇతరులు ఆ ఉపాయాన్ని గ్రహించలేదు. మరి ఇద్దరు మాత్రం కొండకొన చేరి బ్రతికారు. 13 మంది మరణించారు. ఆపదలో తోచిన ఉపాయం ముందే నేర్పి ఉంటేనే పదిమందికి అక్కరకు వస్తుంది.

ఇట్టి అనుభవాల నుండి అగ్నిమాపకులు నాలుగు నియమాలను ఏర్పరచుకొన్నారు. మంటను కనిపెట్టి చూచే కాపరి ఒకడు ఎత్తున ఉండాలి. దళమంతటికీ మాట అందాలి. తప్పుకొనే దారి ముందే నిర్ణయించుకోవాలి. ఆ దారి చేరే క్షేమస్థలం, అనగా కాలిన నేల గాని, రాతిబయలు గాని ఉండాలి. నేడు డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల సాయంతో మంటల జాడ కనిపెట్టి హెచ్చరికలు పంపుతోంది. 2014 మార్చిలో శేషాచల కొండలు అంటుకొన్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీటిని చల్లాయి. అయినా నేలపై నిలిచి మంటను అడ్డగించేది మనిషే. ఆ క్షణంలో గాలి మళ్ళిందని చెప్పేది అతని చెంపకు తగిలే స్పర్శే.

సాహసం గొప్ప గుణమే. కాని మంటలోనికి పోయే ముందు బయటికి వచ్చే దారిని చూచుకోవడం పిరికితనం కాదు, వివేకం. ఆర్పేవాడు ప్రాణాలతో మిగిలితేనే రేపటి అడవికి కాపు ఉంటుంది. కొండ అంచున ఎవరో అలక్ష్యంగా పారవేసిన బీడీముక్క, ఆర్పక విడిచిన వంటనిప్పు ఆ కాపును కొండమీదికి రప్పిస్తాయి. ఎలమంచిలి కొండలపై ఎర్రని మాల కనిపించిన రాత్రి, దాని వెనుక పచ్చికొమ్మ పట్టిన మనిషి ఒకడు గాలిని గమనిస్తూ నిలిచి ఉంటాడని గుర్తుంచుకోవడం మనందరి బాధ్యత.