ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు: దూరం, సమయం

తమిళనాడులోని చోళపురం, రాజపాళయం తెలుగు కుటుంబాలకు దగ్గరి పెద్ద విమానాశ్రయం మదురై. అమెరికా పడమటి తీరానికి వెళ్లాలంటే అక్కడి నుంచి నేరుగా విమానం లేదు, మరో నగరంలో మారాల్సిందే. అలా మారగల నగరాల్లో బెంగళూరు ఒకటి కాబట్టి, పరీక్షార్థులు ఈ సందర్భంలో గుర్తుంచుకోవాల్సిన మార్గం శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ సర్వీసు ప్రారంభించింది. బోయింగ్ 777-200ఎల్‌ఆర్ విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా నడిపిన పైలట్లంతా మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ బృందంలో పాపగారి తన్మయి ఉండటం మనకు గర్వకారణం. రెండు విమానాశ్రయాల మధ్య అతి తక్కువ దూరం సుమారు 14,000 కిలోమీటర్లు, ప్రయాణం దాదాపు 17 గంటలు.

పటంలో వంకరగా కనిపించే ధ్రువమార్గం దగ్గరెలా అవుతుంది? భూమి గోళాకారం కాబట్టి రెండు చోట్ల మధ్య అతి తక్కువ దూరం మహావృత్తం వెంబడే ఉంటుంది. ఈ సూత్రంపై ప్రశ్నలు రావచ్చు.

సమయం లెక్కలోనే చాలామంది తడబడతారు. శీతాకాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో కంటే మనం 13.30 గంటలు ముందు, వేసవిలో 12.30 గంటలే. జనవరి 9 రాత్రి 8.30కి అక్కడ బయల్దేరితే, మనకప్పుడు 10వ తేదీ ఉదయం 10. దానికి 17 గంటలు కలిపితే 11వ తేదీ తెల్లవారుజామున 3.