దారి చూపు యంత్రము – గుర్తులను కాపాడుకొనుట

కారులోని దారి చూపు యంత్రము, సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జీపీఎస్ ఉపగ్రహములలో కనీసము నాలుగింటి సంకేతములను గ్రహించి మనమున్న చోటును లెక్కగట్టును. దారులను తెలుపు పటము యంత్రములోనే యుండును. కొత్త రోడ్లు పడినకొలది దానిని మార్చుచుండవలెను.

పటము పోయినచో తయారు చేసినవారు మరల నిత్తురు. పటమున పేరు లేని అమ్మమ్మగారి పల్లె మొదలుగా మనము గుర్తు పెట్టుకొన్న చోట్లు పోయినచో తిరిగి ఇచ్చువారు లేరు.

కావున ముందుగా యంత్రమును తీగతో కంప్యూటరునకు కలిపి ఆ గుర్తులకు నకలు తీయవలెను. గార్మిన్ నువీ యంత్రములలో అవి ‘జీపీఎక్స్’ ఫోల్డరునందు ‘కరెంట్’ అను ఫైలులో నుండును. భాష, కంఠస్వరము వంటి అమరికలను కాగితముపై వ్రాసికొనవలెను. పని నడుచుచుండగా తీగను ఊడదీయరాదు. ముగిసిన పిమ్మట అన్నిటిని సరిచూడవలెను.

అభ్యాసము: మీ పెద్దలు ఎరిగిన ఏ చోట్లు పటమున లేవు? అడిగి పట్టిక వ్రాయుడు.