చివరి లారీ రెండుసార్లు ఎందుకు లెక్కలోకి వచ్చింది?

కొత్తపేట పండ్ల మార్కెట్ గుర్తుందిగా? ఇప్పుడు బాటసింగారం వెళ్లిపోయింది కానీ, ఉదాహరణకి ఆ మామిడి లెక్కే తీసుకుందాం. ఫైల్‌లో మూడు లారీల రికార్డులు: 40, 25, 60 పెట్టెలు. మొత్తం 125 రావాలి. మీ కోబాల్ ప్రోగ్రామ్ మాత్రం 185 అంటోంది. చివరి లారీ రెండుసార్లు కలిసింది, కమీషన్ కూడా రెండుసార్లు పడుతుంది.

ఎందుకంటే లూప్‌లో ముందు రీడ్, వెంటనే కూడిక రాశారు. పెర్ఫార్మ్ అన్‌టిల్ తన కండిషన్‌ని ప్రతి రౌండు మొదట్లోనే చూస్తుంది. నాలుగో రీడ్‌కి ఎట్ ఎండ్ వచ్చి ఫ్లాగ్ మారినా, కింద ఉన్న కూడిక ఆగదు. రికార్డు ఏరియాలో చాలాసార్లు పాత 60 అలాగే ఉంటుంది. సి నేర్చుకునేవాళ్లు ఎఫ్ఈఓఎఫ్‌తో చేసే తప్పూ ఇదే.

పాత మందు ప్రైమింగ్ రీడ్. లూప్‌కి ముందు ఒక రీడ్, లోపల కూడిక, ఆఖర్లో మళ్లీ రీడ్. ఖాళీ ఫైల్ వచ్చినా ఇబ్బంది లేదు. ఆ రీడ్‌ని రెండు చోట్ల కాపీ కొట్టకండి, ఒక పేరాగ్రాఫ్‌లో పెట్టి పిలవండి.

1985 స్టాండర్డ్‌తో నాట్ ఎట్ ఎండ్ వచ్చింది. ఒకే రీడ్ పెట్టి, కూడికను దాని కింద రాస్తే సరి. చిన్న రిపోర్టులకు నాకు ఇదే ఇష్టం. రైతువారీ సబ్‌టోటల్ కావాలంటే మాత్రం ప్రైమింగ్ రీడే మేలు: తర్వాతి రికార్డు అప్పటికే చేతిలో ఉంటుంది, రైతు మారాడో లేదో వెంటనే తెలుస్తుంది. ముందు ఫైల్‌ని రైతువారీగా సార్ట్ చేయండి, లేదంటే ఒకే రైతుకి రెండు మూడు సబ్‌టోటళ్లు వస్తాయి.